నలుగురిలో కూర్చుని తిను

చిరంజీవి దానియేలుకు అమ్మ దీవించి రాయునది. షాలోం.

ఇక్కడ అందరం క్షేమం. మిర్చి ధర పడిపోయిందని మీ నాన్న గొణుగుతూనే ఉన్నారు. నాయనమ్మ మోకాలికి కొత్త తైలం తెచ్చాం, ఘాటే తప్ప గుణం లేదు. రూతు పెద్దమ్మ చేబ్రోలు బస్టాండులో కనిపించి ఒక మాట చెప్పింది. నీ గదిలో వాళ్ళంతా తిని లేచాక నువ్వు ఒక్కడివే వంటగదిలో నిలబడి తింటున్నావట. ఆవిడ చెప్పేవి సగం నమ్మను. అయినా అడుగుతున్నాను.

గోంగూర పచ్చడి చేరిందా? తడి గరిటె పెట్టకు. కోడికూర తిన్న పూట మన యూదుల నియమం ప్రకారం పెరుగు జోలికి పోకు, ఎవరు వడ్డించినా సరే.

నలుగురిలో బ్రఖా, అదే తినేముందు దేవుడికి చెప్పే స్తుతి, చెప్పడానికి మొహమాటపడుతున్నావేమోనని నా అనుమానం. 1991లో మన ఊళ్ళో మన ప్రార్థనా మందిరం, సినగాగు పెట్టిన కొత్తలో మీ తాతయ్య మిరప కోతలకు వెళ్ళేవాడు. మధ్యాహ్నం గట్టు మీద అందరూ క్యారియర్లు విప్పేవారు. చర్చికి వెళ్ళేవాళ్ళు, మసీదుకు వెళ్ళేవాళ్ళు, అంకమ్మకు మొక్కేవాళ్ళు, అన్ని రకాల మనుషులూ. తాతయ్య ముద్ద కలిపి, కళ్ళు మూసుకుని, గట్టిగా 'బోరే మీనే మెజొనోత్' చెప్పేవాడు. రొట్టెకైతే హమోత్సి అనే బ్రఖా, అన్నానికి ఇది. రకరకాల ఆహారాన్ని పుట్టించిన దేవా నీకు స్తుతి అని తెలుగులోనూ చెప్పేవాడు. మొదట్లో నవ్వారు. తర్వాత ఒకరోజు ఆయన ఎండకు సొమ్మసిల్లినట్టుండి ఊరకే ముద్ద నోటి దాకా తెస్తే, ఎదురుగా కూర్చున్న ముసలావిడ తన ముద్ద గిన్నెలో పెట్టేసి "ఏం బాబాయ్, ఇవాళ దేవుడికి చెప్పవా?" అందట. అరటిపండు దగ్గర మాత్రం పెద్ద రభస. మామిడిపండుకు చెట్టు పండు బ్రఖా, అరటిపండుకు నేల పంట బ్రఖా అని తాతయ్య అంటే కుర్రాళ్ళు ఎగతాళి చేశారు. ఆ ముసలావిడే తీర్పు చెప్పింది: "గెల కోశాక బోదె నరికేస్తాం. మళ్ళీ పిలక వేస్తేనే కాపు. అదేం చెట్టురా?" మన మతగురువులు, రబ్బీలు చెప్పిన కారణం కూడా దాదాపు అదే. అప్పటినుంచి గట్టు మీద ఎవరు ఏ పండు తెచ్చినా ముందు తాతయ్యకు చూపించి, ఇది ఏ లెక్కలోకి వస్తుందని పందేలు కట్టుకునేవారు. సీతాఫలం రోజు ఆయన ఇంటికొచ్చి ఎంత నవ్వాడో.

బెయేర్షెబాలో అబ్రాహాము దారినపోయే వాళ్ళందరికీ అన్నం పెట్టి, వాళ్ళు తనకు కృతజ్ఞత చెప్పబోతే, మీరు తిన్నది నాది కాదు, లోకాన్ని చేసినవాడిది, ఆయన్ని స్తుతించండి అనేవాడని మన పెద్దలు చెబుతారు. ఆయన తలుపు వేసుకుని తినలేదు. అలాగని నువ్వు గదిలో వాళ్ళ చేత హీబ్రూ వల్లె వేయించనక్కర్లేదు. అడిగితే అర్థం చెప్పు, అడక్కపోతే ఊరుకో. బిస్మిల్లా అనే అబ్బాయి అననీ, బ్రహ్మార్పణం చెప్పే అబ్బాయి చెప్పనీ, వాళ్ళది అయ్యేదాకా ఆగు. తిరుపతి లడ్డు తెస్తే మొహం ముడుచుకోకు. రెండు చేతులా అందుకో, మా ఇంట్లో ఇది తినం అని మెల్లగా చెప్పు, వాచ్‌మన్ పిల్లలకు పెట్టు. పస్కా పండుగ రాత్రి ఆకలిగొన్న వాళ్ళందరూ వచ్చి తినండని మనమే పిలుస్తాం కదా, ఆ పిలిచేవాడు మామూలు రోజుల్లో వంటగదిలో నిలబడి తింటే ఎలా? ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను, నీకు తెలుసు నా సంగతి.

ఒకవేళ ఎవరైనా ఏదైనా అన్నారా? అంటే ఎవరన్నారో రాయి. లేక డ్యూటీ వేళలవల్ల ఆలస్యంగా తింటున్నావా? అదే అయితే పెద్దమ్మకు నేను చెప్పుకుంటాను.

బనియన్లు రెండు, ఎండు ద్రాక్ష అరకిలో పంపుతున్నాను. శుక్రవారం రాత్రి ద్రాక్షరసం మీద చెప్పే కిద్దూషు స్తుతికి గురువారం రాత్రే నానబెట్టు. శుక్రవారం పొద్దు వాలకముందే ఫోను చెయ్యి, తర్వాత షబ్బాతు, మన విశ్రాంతి దినం మొదలవుతుంది, చేస్తే ఎత్తను.

మీ అమ్మ