పిల్లర్ల మీద నిలిచిన మన అపార్ట్‌మెంట్లు

సంపాదకులకు నమస్కారం.

2001 జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో భూమి కంపించే వేళకు ఊరూరా జెండా పండుగ జరుగుతోంది. అంజార్‌లో ఇరుకు సందుల గుండా ఊరేగింపుగా వెళ్తున్న బడిపిల్లల మీద, వారి ఉపాధ్యాయుల మీద ఇరువైపులా ఉన్న ఇళ్లు కూలిపడ్డాయి. భుజ్ పాత ఊళ్లో 18వ శతాబ్దం నాటి ఆయినా మహల్, దాని పక్కనే ఉన్న ప్రాగ్ మహల్ తీవ్రంగా దెబ్బతిన్నాయి. క్షతగాత్రులకు దిక్కు కావలసిన పెద్దాసుపత్రే నేలమట్టమైంది. అధికారిక లెక్కల ప్రకారమే 13,800 మందికి పైగా మరణించారు.

ఆ ప్రస్తావన ఎప్పుడు వచ్చినా 'అది జోన్ 5, మనది జోన్ 2' అని మన నగరవాసులు ధీమాగా అనేస్తారు. భూకంప ముప్పును బట్టి దేశాన్ని విభజించిన ఈ జోన్లలో అంకె పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. మరి అహ్మదాబాద్ మాటేమిటి? భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన, జోన్ 3లో ఉన్న ఆ నగరంలో పదుల సంఖ్యలో కాంక్రీటు అపార్ట్‌మెంట్లు కూలి దాదాపు 750 మంది ప్రాణాలు కోల్పోయారు. సబర్మతి ఒండ్రు నేల కుదుపును పెంచిందన్నది నిజమే. అయితే కూలిన వాటిలో చాలా భవనాలకు కింది అంతస్తులో గోడలు లేవు, కార్ల కోసం వదిలిన ఖాళీ జాగా, పిల్లర్లు మాత్రమే ఉన్నాయి. ఇటుక గోడలతో బిగుసుకున్న పై అంతస్తులన్నీ ఒకే దిమ్మెలా కదులుతుంటే, ఆ ఊపునంతా కింది పిల్లర్లే భరించవలసి వస్తుంది. వాటి తలభాగమో పాదమో చిట్లితే భవనం మొత్తం కిందికి కూర్చుండిపోతుంది.

హైదరాబాద్‌లో ఏ కాలనీలో చూసినా ఇదే కట్టడం కదా! మన కింద గ్రానైట్ రాయి ఉందన్న మాట కొంతవరకు ధైర్యమిచ్చేదే కానీ, చెరువులు పూడ్చి వేసిన లేఅవుట్లకు ఆ ధైర్యం వర్తించదు. 1993లో మహారాష్ట్రలోని కిల్లారి, 2024 డిసెంబర్ 4న ములుగు ప్రకంపనలు మన ఇళ్ల దాకా వచ్చాయి.

విశ్రాంత సైట్ ఇంజినీరుగా ఒక్క విషయం వివరంగా చెప్పదలిచాను. పిల్లరు నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగుల కొనలను 135 డిగ్రీలు వంచి కాంక్రీటు లోపలికి పోనివ్వాలి. 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే, పైనున్న కాంక్రీటు పెచ్చు రాలగానే రింగు విచ్చుకుని నిలువు కడ్డీలు బయటికి ఉబ్బిపోతాయి. 135 డిగ్రీలు వంచే పద్ధతి జోన్ 3, ఆపై ప్రాంతాలకే తప్పనిసరి కావడంతో ఇక్కడ మేస్త్రీలకు ఎవరూ చెప్పరు. మా వీధిలో ఇటీవల లేచిన అయిదంతస్తుల భవనంలో ప్రతి రింగూ 90 డిగ్రీలకే ఆగిపోయి ఉండడం చూసి మనసు కలుక్కుమంది. సరిగా వంచితే ఒక్కో రింగుకు జానెడు కడ్డీ కూడా అదనంగా పట్టదు.

భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాను (సెట్‌బ్యాక్‌లను) టేపు పెట్టి కొలిచే నగరపాలక సంస్థ, కింది అంతస్తు పిల్లర్లకు కాంక్రీటు పోసే ముందు కడ్డీల అమరికను కూడా స్వయంగా తనిఖీ చేసి, ఫొటోలను అనుమతి ఫైలులో ఉంచాలి. ఇప్పటికే నివాసం ఉంటున్న పాత భవనాల్లో ఫ్లాట్ల యజమానుల సంఘాలు స్ట్రక్చరల్ డ్రాయింగులు తెప్పించుకుని, పిల్లర్లను నిపుణుల చేత పరీక్ష చేయించుకోవాలి. అవసరమైన చోట పిల్లర్లకు కాంక్రీటు తొడుగు వేయించుకోవచ్చు, పార్కింగ్‌కు అడ్డురాని చోట్ల వాటి మధ్య గోడలు కట్టించుకోవచ్చు. ఈ పరీక్ష ఖర్చులో కొంత భాగాన్ని ఆస్తి పన్నులో రాయితీగా ఇచ్చే విషయాన్ని ప్రభుత్వం పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సైట్ ఇంజినీరు,
నల్లకుంట, హైదరాబాద్