ఉద్దానంలో రోగుల లెక్క ఉంది, వారి పిల్లల లెక్క ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ వ్యాధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా హిరమండలం నుంచి వచ్చే తాగునీరు, 2023 డిసెంబరులో ప్రారంభమైన పలాసలోని 200 పడకల ఆసుపత్రి, నెలకు రూ.10,000 డయాలసిస్ పింఛను గురించే చర్చ నడుస్తుంది. ఏళ్ల తరబడి జనం అడగ్గా అడగ్గా వచ్చినవి కాబట్టి వాటి విలువను తక్కువ చేయను. అయితే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో తల్లికో తండ్రికో ఈ జబ్బు వచ్చిన ఇళ్లలో పెరిగే పిల్లలు రేపు ఏమవుతారన్నది మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. ఇక్కడ పాఠాలు చెప్పుకునే మనిషిగా ఆ సంగతే రాస్తున్నాను.

డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు చేస్తారు. రానూపోనూ ప్రయాణంతో ఆ రోజంతా గడిచిపోతుంది. తోడు వెళ్లిన భార్యకు జీడిపప్పు బట్టీలో ఆ రోజు కూలి పోతుంది. మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి హాజరు పట్టీలో, తండ్రి డయాలసిస్ రోజులైన సోమ, బుధ, శుక్రవారాల గళ్లు చాలావరకు గైర్హాజరే. ఆ రోజుల్లో అన్నం వండడం, తమ్ముణ్ని తయారుచేసి పంపడం, మంచం పట్టిన మామ్మను కనిపెట్టుకుని ఉండడం ఆ పిల్ల పని. మిగతా రోజుల్లో కూడా తండ్రి పరిమితి మించకుండా తాగాల్సిన నీళ్లు కొలిచి సీసాలో పోసిపెట్టాకే బడికి బయలుదేరుతుంది. ‘చదువు మీద ధ్యాస లేదు’ అని మేం సులువుగా అనేసే పిల్లల్లో ఇలాంటివారు ఎందరో.

చిన్నతనంలో పడిన కష్టం పెద్దయ్యాక శరీరంలోనూ బతుకులోనూ బయటపడుతుందని అమెరికా వైద్యులు విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా తమ సహచరులతో కలిసి 1998లోనే చూపారు. బాల్యంలో హింస, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం వంటి అనుభవాలు నాలుగు రకాలు, అంతకు మించి ఎదుర్కొన్నవారిలో మద్యానికి, మాదకద్రవ్యాలకు బానిసవడం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు ఆ అనుభవాలేవీ లేనివారికంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువని వారు గుర్తించారు. పైగా ఆ అధ్యయనంలో ఉన్నవారిలో ఎక్కువమంది ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతివారే. తల్లిదండ్రుల శారీరక వ్యాధిని వారు ఆ జాబితాలో చేర్చలేదు, నిజమే. కానీ మా ఊళ్లలో జబ్బు ఒంటరిగా రాదు. అప్పు, ఇంట్లో గొడవలు, ఒక్కోచోట తాగుడు దాని వెంటే వస్తాయి. మగపిల్లలు పదో తరగతి కాగానే మేస్త్రీ వెంట హైదరాబాదుకో చెన్నైకో భవన నిర్మాణ పనులకు వెళ్లిపోతారు. ఆడపిల్లకైతే తండ్రి కళ్లు మూసేలోగా మూడు ముళ్లు వేయించేయాలన్న తొందర. 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయిందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రం గురించి చెప్పిన లెక్కలో ఇలాంటి తొందరలు ఎన్ని కలిసి ఉన్నాయో!

అలాగని ఈ పిల్లల తలరాత ముందే రాసి ఉందని కాదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనిస్తే, ఎన్నో ప్రతికూలతల మధ్య పెరిగినవారిలో దాదాపు మూడోవంతు మంది సమర్థులైన మనుషులుగా ఎదిగారు. వారికి కన్నవారో, తాతామామ్మలో, ఉపాధ్యాయులో ఎవరో ఒకరు నిలకడగా అండగా ఉన్నారు. ఉపాధ్యాయులుగా మా వంతు అక్కడ ఉంది, దాన్ని మేం తప్పించుకోలేం.

ప్రభుత్వ వంతుకు కొత్త పథకమేమీ అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద పిల్లలకు నెలకు రూ.4,000 సాయం (స్పాన్సర్‌షిప్) ఇచ్చే వీలుంది. తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో బాధపడుతున్న పిల్లలూ అందుకు అర్హులేనని మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఈ మాట మా గ్రామాల్లో చాలామందికి తెలియదు. డయాలసిస్ పింఛనుదారుల జాబితా సచివాలయాల్లో ఉంది, విద్యార్థుల జాబితా బడుల్లో ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగం ఈ రెండింటినీ సరిచూసి, పిల్లల ఇళ్లకు తానే వెళ్లి దరఖాస్తులు తీసుకోవాలి.

ఇందులో ఒక చిక్కుంది. ఈ సాయానికి గ్రామీణ కుటుంబానికి వార్షికాదాయ పరిమితి రూ.72,000. తండ్రికి వచ్చే పింఛనునే ఆదాయంగా పట్టుకుంటే ఏడాదికి రూ.1,20,000 అవుతుంది, పిల్లవాడు అనర్హుడైపోతాడు. రోగి వైద్యానికి ఇచ్చే పింఛనును ఆ లెక్కలో కలపరాదని కలెక్టరుగారు, మహిళా శిశు సంక్షేమ శాఖ ముందుగానే లిఖితపూర్వకంగా స్పష్టం చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.