శిక్షణ రైఫిల్ మార్పుల విషయమై సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. హనుమకొండలో మన సాధనకు వాడుతున్న .22 శిక్షణ రైఫిల్ బ్యారెల్ లోపలి గాడులు ఇంకా బాగానే ఉన్నందున, కొత్తది కొనకుండా గురి చూసే సైట్లు మాత్రం మార్పిద్దామని నా అభిప్రాయం. వెనుకనున్న గంటు సైట్ బదులు సన్నని రంధ్రం గల పీప్ సైట్, ముందు రింగ్ సైట్ బిగిస్తే, టార్గెట్‌లోని నల్లటి వృత్తం చుట్టూ తెల్లటి అంచు సమానంగా కనబడుతుంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే కనుక, ఆ అంచు ఒకవైపు పలుచబడినా పాయింటు పోతుంది.

అంతకన్నా ముందు చూడవలసినవి బ్యారెల్‌ను రైఫిల్ కట్టె భాగానికి పట్టి ఉంచే స్క్రూలు. మన ఎండలకు కట్టె ఎండి అవి వదులైతే, ఎంత మంచి సైట్ పెట్టినా గురి నిలవదు.

తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. మన .22 రైఫిల్‌లో వాడే రిమ్‌ఫైర్ తూటాలో అంటుకునే మందు అడుగు అంచులోనే ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు రైఫిల్ పిన్ కొట్టేదీ అక్కడే. తూటా లేనప్పుడు ఆ దెబ్బ తూటా కూర్చునే చాంబర్ అంచుకు తగిలి సొట్ట పడవచ్చు.

ట్రిగ్గర్‌ను ఎవరూ స్వయంగా విప్పవద్దు, లైసెన్స్ గల ఆయుధ మరమ్మతుదారుకే అప్పగిద్దాం. కొత్త సైట్లను మొదట 25 మీటర్ల వద్ద, పిదప 50 మీటర్ల వద్ద సరిచూద్దాం. అభ్యంతరాలుంటే ఆదివారం లోపు ఇక్కడే తెలియజేయగలరు.