వాన తెరిపిచ్చిన అరగంట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఒక అల్పపీడనం వెళ్లకముందే ఇంకొకటి వచ్చి పడుతుండటంతో ఈ నెల ఆటల పీరియడ్లన్నీ తరగతి గదుల్లోనే గడిచిపోయాయి. అందుకే మొన్న గురువారం వాన కాస్త తెరిపివ్వగానే సైన్స్ టీచరూ నేనూ ఆరో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని, బడి వెనక సందులోంచి చెరువు కట్ట దాకా నడిచి వచ్చాం. తడిస్తే జలుబు చేస్తుందేమోనని కొందరు తల్లులు ఫోన్ చేశారు. ఆ టెన్షన్ సహజమే. అయినా పిల్లలు ఏం చూశారో మీకు చెప్పాలనిపించింది, ఎందుకంటే ఇవన్నీ మీ వీధిలోనూ కనిపించేవే.

బడి గోడ పక్కన ఖాళీ స్థలంలో ఉసుళ్లు లేచాయి. తడినేలలో వేలు పట్టేంత కన్నం. అందులోంచి రెక్కల చెదపురుగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. ముందుగా పసిగట్టింది గోరింకలు. కన్నం పక్కనే నిలబడి, తల బయటపెట్టినదాన్ని పెట్టినట్టే ముక్కుతో అందుకున్నాయి. వాటిని తప్పించుకుని పైకి లేచినవాటి కోసం కరెంటు తీగ మీద తోక రెండుగా చీలిన నల్ల పిట్ట కాచుకుని ఉంది. దూకడం, గాల్లోనే పట్టడం, మళ్లీ అదే చోటుకు వచ్చి వాలడం. గోడ మీద తొండ కదలకుండా కూర్చుని తన వాటా తను తింటోంది. కాకులు ఆలస్యంగా వచ్చి అందరినీ తరిమేశాయి.

"ఇన్ని తినేస్తే ఇక చెదలు మిగులుతాయా మేడం?" అని ఒక పాప అడిగింది. అందుకే అవి వేల సంఖ్యలో ఒకేసారి బయటికొస్తాయి. ఎన్ని తిన్నా ఏ కొన్నో తప్పించుకుంటాయి. వాన పడ్డాకే రావడానికీ కారణం ఉంది. నేల మెత్తబడితే కొత్త పుట్టకు తవ్వుకోవడం సులువు, గాలిలో తేమ ఉంటే వాటి ఒళ్లు ఎండిపోదు. నేల మీదికి దిగగానే రెక్కలు రాల్చేస్తాయి. పొద్దున మీరు ట్యూబ్‌లైట్ కింద ఊడ్చి పారేసే రెక్కలు ఇవే.

కాస్త ముందుకు వెళ్లాక, తీగ మీద అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ పిట్ట తేనెటీగను ముక్కున పట్టుకుని టపటపా తీగకేసి బాదుతోంది. ముల్లు ఊడి, విషం పోయేదాకా మింగదు. అప్పటిదాకా అల్లరి చేస్తున్న మగపిల్లలు కూడా నోరు మెదపకుండా చూశారు. నలభై నిమిషాల పాఠంలో నాకు ఆ నిశ్శబ్దం దొరకదు.

చెరువు దగ్గర నీటికాకి ఒకటి రాయి మీద రెక్కలు చాపి ఎండ కోసం చూస్తోంది. దాని ఈకలు తడుస్తాయి కాబట్టే నీళ్లలో లోతుకు మునగగలదు, పైకొచ్చాక ఆరబెట్టుకోక తప్పదు. అంతలో తీతువు అరిచింది. ఒక బాబు భయపడి నా చెయ్యి పట్టుకున్నాడు. అది అరిస్తే ఇంట్లో కీడు జరుగుతుందని వాళ్ల అవ్వ చెప్పిందట. పెద్దవాళ్ల మాటను చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. కానీ తీతువు గూడు కట్టదు, గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. కుక్కో మనిషో దగ్గరికొస్తే వాటిని కాపాడుకోవడానికే అరిచి బెదరగొడుతుంది. దయచేసి ఇంట్లో ఈ సంగతి పిల్లలతో మాట్లాడండి.

మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక కూడా ఆ రోజు గుంపుగా కనిపించింది. దాన్ని పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని చాలా ఇళ్లలో తెలియదు.

ఈశాన్య రుతుపవనాలు మనకు వానలు తెచ్చే ఈ రోజుల్లోనే వలస పక్షులు కూడా వస్తాయి. మురుగు కాలువ గట్టున తోక ఆడిస్తూ నడిచే, పొట్ట కింద పసుపు రంగున్న బూడిద పిట్ట హిమాలయాల నుంచో ఇంకా పైనుంచో వచ్చినది. మన జిల్లాలోనే ఉన్న నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు గూళ్లు పెట్టేదీ, పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు చేరేదీ ఈ కాలంలోనే. సంక్రాంతి సెలవుల్లో వీలైతే పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి.

2021 నవంబరు వరదను మన ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. కాబట్టి కాలువలు పొంగుతున్నప్పుడు, ఉరుములు వినిపిస్తున్నప్పుడు పిల్లల్ని గేటు దాటనివ్వం. గడ్డిలో కాలు పెట్టనివ్వం, పాములు తిరిగే కాలం. మీరు వెళ్లినా ఇవే జాగ్రత్తలు పాటించండి. కరెంటు స్తంభాలను తాకనివ్వకండి.

ఇంకో విన్నపం. గోడ పక్క ఖాళీ స్థలం శుభ్రం చేయించమని కొందరు అడిగారు. చెత్త ఎత్తించేశాం, నీళ్లు నిలిచిన గుంటలు పూడ్పించాం. మూలనున్న తుమ్మ చెట్టునూ పుట్టనూ మాత్రం అలాగే ఉంచాలని నా అభిప్రాయం. అవి పోతే పైన చెప్పిన గోరింకల విందు ఉండదు. కాదనుకునేవాళ్లు నాతో నేరుగా మాట్లాడండి, వింటాను.

నవంబరు 12 పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు, మన దేశంలో జాతీయ పక్షి దినం. ఆ వారంలో వాన తెరిపిచ్చిన రోజున ఏడో తరగతి పిల్లల్ని తీసుకెళతాం. గొడుగు, పాత చెప్పులు, చిన్న నోటుబుక్కు పంపండి. కెమెరాలు, ఫోన్లు వద్దు. పిట్టల గురించి తెలిసిన అవ్వా తాతలు ఎవరైనా వెంట రాగలిగితే ఆఫీసులో పేరు రాయించండి.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు