అక్కకు, దోహా నుంచి

అక్కా,

నిన్న ఫోన్‌ల అడిగినవు గదా, నెలకు 200 రియాల్లు ఎక్కువ ఇస్తమంటే గూడ ఆ కంపెనీకి ఎందుకు పోతలేవురా అని. బావ పక్కకెల్లి ఒకటే ఒర్రుతుండు, నాకు చెప్పరాలేదు, అందుకే ఇయ్యాల శుక్రవారం డ్యూటీ లేదని కూసోని రాస్తున్న. వాట్సాప్‌ల పెడ్త, చిన్నోనితోని చదివించుకో.

200 అంటే మన పైసలల్ల నాలుగు వేల పైననే, నాకు తెల్వదా. పోతనంటే ఆపెటోళ్లు గూడ లేరు, కంపెనీ మారాలంటే పాత కంపెనోడు ఒప్పుకుంట ఇచ్చే ఎన్ఓసీ కాయితం కావాలె అనేది 2020ల తీసేసిండ్రు, నా లెక్క రెండేండ్లు దాటినోడు రెండు నెల్ల ముందు నోటీస్ ఇస్తే సాలు. కని నేను ఇప్పుడున్న మా ఫోర్మన్ను చూసి ఆగిన. నవ్వకు, మొత్తం ఇను.

ఇంతకుముందటి ఫోర్మన్ ఉండె గదా, ఆయన టైంషీట్ పెన్సిల్‌తోని రాసెటోడు. పొద్దుందాక రాడ్లు కట్టి డ్యూటీ అయినంక ఇంకో రెండు గంటలు ఓటీ చేసి వస్తం, నెలాఖరుకు చూస్తే గంటనే ఉంటది, అడిగితే నీకు లెక్కలొస్తయా అని అందరి ముంగట నవ్వెటోడు. నా బేసిక్ 1200, ఓటీకి దాని మీద పావు వంతు కలిపి ఇయ్యాలె, అంటే గంటకు ఆరు రియాల్ల పైన పడ్తది. రోజుకు గంట లెక్కన నెలకు ఇరవై ఆరు గంటలు ఆ రబ్బరు కింద పోతే 200ల నూట అరవై అక్కడ్నే పాయె గదా. జీతం మాత్రం టైముకు బ్యాంకులనే పడేది, కాయితం మీద ఏ తప్పూ దొరకది.

ఇగ ఎండకాలం సంగతి. నేనొచ్చిన కొత్తల పదకొండున్నర నుంచి మూడు దాంకనే పని బందుండె. 2021 నుంచి జూన్ 1 కెల్లి సెప్టెంబర్ 15 దాంక పొద్దున పదింటికి ఆపితే మల్ల మూడున్నరకే బయట పని, మంచి రూలే పెట్టిండ్రు. కని ఆ పాత ఫోర్మన్ ఏం జేసిండంటే రోజంత జేసే పనిని పదింటి లోపల్నే కావాలన్నడు, రాత్రి మూడింటికి బస్సు, నీళ్ల కూలరేమో సైటుకు ఆ చివర్న, ఎవడు ఎన్ని సార్లు పోయిండో చూసుకుంట నిలబడెటోడు. దాంతోని మేం నీళ్లు తాగుడే తగ్గించినం. ఉచ్చ చాయ రంగుల వచ్చేది, ఎవలకు చెప్తం. నిర్మల్ పోరడు ఒకడు తొమ్మిదింటికి రాడ్ల మీద్నే పడిపోయిండు, చేతికి ఇంత బొబ్బ, దవాఖానకు తీస్కపోయిండ్రు, ఆ రోజు వానికి హాఫ్ డ్యూటీ రాసిండ్రు అక్కా.

ఇప్పుడున్నాయన నేపాల్ ఆయన, మాతోనే హెల్పర్ల చేసి పైకి వచ్చిండు. జీతాలు గవే, క్యాంపు గదే, ఒక్క రూముల ఆరుగురం గూడ గంతే. కని రాత్రి ఎనిమిదింటికల్లా మెస్సు తలుపుకు రేపటి డ్యూటీ కాయితం అతికిస్తడు, ఎవడు ఏ సైటు, బస్సు ఎన్నింటికి. ముందుగాలైతే పండుకున్నంక తలుపు కొట్టి లేపెటోళ్లు, గందుకే నీ ఫోన్ ఎత్తకపోయెటోన్ని, నువ్వు కోపానికి వచ్చినవు యాదికుందా. బరువు మోసేది చీకట్లనే చేపిస్తడు, ఎండెక్కినంక నీడల కూసోని వైరు కట్టే పని. కొత్తగొచ్చినోనికి వారం రోజులు తక్కువ పనిస్తడు, ఒళ్లు ఎండకు అలవాటు కావాలె అని. నీళ్ల డబ్బాలు మేమున్న కాడికే వస్తయి. టైంషీట్ రోజు సాయంత్రం బస్సుల సెల్లు లైటు పట్టి ఎవని లైను వానికి చూపిస్తడు, పెన్నుతోని రాసి సంతకం పెట్టిస్తడు, ఫోటో తీసుకోండ్రి అంటడు. మొదటి రోజు నా చెయ్యి ఆడలే, ఇదేదో జీతం కోసే కాయితం అనుకున్న!

మనిషి మెత్తనోడేం గాదు, లేటయితే తిడ్తడు, నాకు గూడ పడ్డయి. కని తిట్టి మర్సిపోతడు, లెక్కల కలపడు.

నువ్వు గూడ గంతే గదనే. ఇంటి పక్కపొంటి బీడీ కార్ఖాన ఇడిసిపెట్టి చెరువు అవతలి దానికి నడుసుకుంట పోతున్నవు. వెయ్యికి కూలి రెండు దిక్కుల ఒక్కటే, మరి ఎందుకు పోతున్నవు? ఇంటి పక్క టేకేదారు పిడికెడు పిడికెడు ఛాట్, పనికిరావు అని పక్కకేస్తడు, ఏ బీడీ బాగలేదో చెప్పడు, మల్ల ఆ బీడీలు గూడ నీకియ్యడు అని నువ్వే ఏడ్సినవు. ఆ ఎండల నడిసే నువ్వు నన్ను అడుగుడేంది.

ఒకటే భయం. ఈయన డిసెంబర్‌ల ఇంటికి పోతడట, మల్ల రాడట. కంపెనీ ఈయనను జూసి ఏం నేర్సుకున్నట్టు నాకైతే కనపడ్తలే, పక్క గ్యాంగుల ఇంక పెన్సిలే నడుస్తుంది. పాతాయన మల్ల మా దిక్కు వస్తడని క్యాంపుల గుసగుస, అదే నిజమైతే ఆ రోజే నోటీస్ రాస్త, బావకు చెప్పు, అప్పుడు ఒర్రద్దు.

పైసలు ఈ నెల ఒకటే సారి పంపుత. రూమోడు ఊరికొచ్చిండు, పదిహేను రోజులల్ల మల్ల వస్తడు, తొక్కు వానికియ్యి. మూతకు టేపు గట్టిగ సుట్టు, పోయినసారి నూనె కారి వాని బట్టలన్ని ఖరాబైనయి.

నీ తమ్ముడు