కీబోర్డు మీద వాయించింది స్కోరులోకి సరిగ్గా రావాలంటే

చిట్టితల్లీ,

నువ్వు పంపిన రికార్డింగు విన్నాను, సాఫ్ట్‌వేర్ దాన్నుంచి రాసిన స్కోరు (స్వరలిపి) కూడా చూశాను. వాయించినది చాలా బాగుంది. స్కోరులో మాత్రం ఎక్కడ చూసినా చుక్కలు, టైలు (స్వరాలను కలిపే గీతలు), అక్కర్లేని రెస్టులు (నిశ్శబ్దపు గుర్తులు). అది చూసి "నాకు తాళం రాదేమో నాన్నా" అన్నావు. ఆ మాట మనసులోంచి తీసెయ్యి. నీ తాళం నిక్షేపంగా ఉంది.

కీబోర్డు నుంచి కంప్యూటర్‌కి వెళ్లేది సంగీతం కాదమ్మా. ఏ మీట నొక్కావు, ఎంత గట్టిగా నొక్కావు, ఎప్పుడు వదిలావు, అంతే. 1983లో మిడి (కీబోర్డులు, కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి) వచ్చినప్పటి నుంచీ దాని లెక్క ఇదే. మిడిల్ సి (కీబోర్డు మధ్యలో ఉండే సి) దానికి 60, పక్కనున్న నల్ల మీట 61. ఆ 61ని సి షార్ప్ అని రాయాలా, డి ఫ్లాట్ అని రాయాలా అన్నది దానికి తెలియదు. బార్ (తాళంలో ఒక ఆవర్తం) ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియదు. అందుకని రికార్డు బటన్ నొక్కకముందే కీ సిగ్నేచర్ (ఏ షార్పులు, ఫ్లాట్లు వస్తాయో), టైమ్ సిగ్నేచర్ (బార్‌కి ఎన్ని బీట్లో), టెంపో (వేగం) పెట్టుకో. మెట్రోనోమ్ క్లిక్ వింటూ, దాన్ని వదలకుండా వాయించు.

ఇక నీ రెస్టుల సంగతి. టెంపో 120 అయితే, అంటే నిమిషానికి 120 బీట్లయితే, ఒక బీటు ఉండే క్వార్టర్ నోట్ అర సెకను, అంటే 500 మిల్లీసెకన్లు. క్వాంటైజ్‌లో సిక్స్‌టీన్త్ (క్వార్టర్‌లో నాలుగో వంతు) ఎంచుకుంటే సాఫ్ట్‌వేర్ నీ వాయింపును 125 మిల్లీసెకన్ల గళ్లలో సర్దుతుంది. నువ్వు మీటను 70 మిల్లీసెకన్లు ముందుగా వదిలావనుకో, చెవికి తేడా పెద్దగా తెలియదు. కానీ ఆ నోటు ఒక గడి ముందే ముగిసినట్టు లెక్కపడుతుంది, క్వార్టర్ నోట్ కాస్తా డాటెడ్ ఎయిత్ (ఎయిత్ అంటే క్వార్టర్‌లో సగం, చుక్క పెడితే ముప్పావు) అయి పక్కన ఒక సిక్స్‌టీన్త్ రెస్ట్ వచ్చి కూర్చుంటుంది. నీ స్కోరు నిండా జరిగింది ఇదే. టెంపో 60కి తగ్గించి వాయించు, గడి 250 అవుతుంది, నీకు రెట్టింపు వెసులుబాటు దొరుకుతుంది. రికార్డయ్యాక టెంపో మళ్లీ 120 చేసుకోవచ్చు, నోట్లు మారవు. పాటలో ఎయిత్ నోట్ కంటే చిన్నవి లేకపోతే క్వాంటైజ్ కూడా ఎయిత్‌కే పెట్టు.

మూడో లైనులో నువ్వు వాయించింది ట్రిప్లెట్ (ఒక బీటులో మూడు సమాన స్వరాలు), అది స్పష్టంగా వినపడుతోంది. స్కోరులో సిక్స్‌టీన్త్, ఎయిత్, సిక్స్‌టీన్త్ అని పడింది. ట్రిప్లెట్ల ఆప్షన్ ఆపి ఉంటే సాఫ్ట్‌వేర్‌కి దగ్గరలో దొరికే గళ్లు అవే మరి. అలాగని ఆ ఆప్షన్ అంతటా పెట్టి ఉంచితే లేనిచోట కూడా ట్రిప్లెట్లు పుట్టిస్తుంది. అలాంటి నాలుగు బార్ల కోసం మళ్లీ మళ్లీ వాయించి టెన్షన్ పడొద్దు, స్టెప్ టైమ్‌లో, అంటే తాళంతో పని లేకుండా ఒక్కో స్వరాన్నీ విడిగా ఎక్కించెయ్యి. మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్‌లో అయితే కంప్యూటర్ మీద ఎన్ నొక్కి, క్వార్టర్ నోట్‌కి 5, ఎయిత్‌కి 4 ఎంచుకుని, సంగీతం కీబోర్డు మీద స్వరం నొక్కితే చాలు, రెస్ట్‌కి కంప్యూటర్ మీద 0. నన్నడిగితే చిక్కైన లయ ఉన్న చోటల్లా ఇదే మంచి పద్ధతి. గబగబా వాయించి రికార్డు చేసి గంటల తరబడి దిద్దుకోవడం కంటే త్వరగా అవుతుంది.

రెండు చేతులూ ఒకేసారి రికార్డు చెయ్యకు. సాఫ్ట్‌వేర్ ఒక మీట దగ్గర గీత గీసి పైవి పై స్టాఫ్‌కి (ఐదు గీతల వరసకి), కిందివి కింది స్టాఫ్‌కి పంచుతుంది. నీ ఎడమ చెయ్యి మిడిల్ సి దాటి పైకి వెళ్తూనే ఉంటుంది కదా, ఆ స్వరాలన్నీ కుడిచేతి వాటాలో పడతాయి. విడివిడిగా రికార్డు చేస్తే ఈ గొడవ ఉండదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవద్దు. క్లిక్ ఆలస్యంగా వినపడుతుంది, నువ్వు దానితో సరిగ్గా వాయించినా ప్రతి స్వరమూ ఆలస్యంగానే నమోదవుతుంది. వైరున్నవే వాడు.

ఇన్ని చేసినా కొన్ని నువ్వే తేల్చుకోవాలి. చివర్లో ఆ చిన్న చిన్న స్వరాలను తేలిగ్గా తుంచి వాయించావు, ఎంత ముద్దుగా ఉన్నాయో! వాటిని ఎయిత్ నోట్, ఎయిత్ రెస్ట్ అని రాయాలా, క్వార్టర్ నోట్ మీద స్టకాటో చుక్క (తుంచి వాయించమనే గుర్తు) పెట్టాలా? నేనైతే చుక్కే పెడతాను, చదివేవాళ్లకు చూడగానే తెలుస్తుంది. పాట నీది కాబట్టి నిర్ణయమూ నీదే.

దిద్దాక నాకు మిడి ఫైలు కాకుండా మ్యూజిక్ ఎక్స్‌ఎమ్ఎల్ (స్కోరును రాసినట్టే దాచే ఫైలు) పంపు. మిడిలో నువ్వు పెట్టిన ఫ్లాట్లు, చుక్కలు, స్లర్‌లు (స్వరాలను కలిపి వాయించమనే వంపు గీతలు) నిలవవు. ముందు మూడో లైను పంపినా చాలు, ఆ రాత్రే చూసి చెప్తాను.

ప్రేమతో,
నాన్న