ఈసీసీ పేరిట మామూలు మెమరీ అమ్మడంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

నమస్కారం.

గత నెలలో మీ సంస్థ వద్ద నేను కొన్న నాలుగు డిస్కుల హోమ్ సర్వరు ప్రకటనలో "ఈసీసీ మెమరీ" (డేటాలోని పొరపాట్లను తానే కనిపెట్టి సరిదిద్దే మెమరీ) అని స్పష్టంగా రాసి ఉంది. ఎక్కువ వెల పెట్టి ఆ మోడలునే ఎంచుకోవడానికి ఆ ఒక్క మాటే కారణం. మా తాతగారి హరికథల క్యాసెట్లను డిజిటల్ రూపంలోకి మార్చి అందులో దాచుకోవాలనుకున్నాను. వాటిలో కొన్నింటి టేపు ఇప్పటికే తెగిపోయింది కాబట్టి మళ్లీ ఎక్కించుకునే వీలు లేదు.

ఫైళ్లను ల్యాప్‌టాప్ నుంచి సర్వరులోకి పంపాక, ముందే రాసిపెట్టుకున్న చెక్‌సమ్‌లతో (ఫైలులోని డేటా నుంచి లెక్కకట్టే, డేటా మారితే తామూ మారిపోయే సంఖ్యలతో) సరిచూస్తే మూడు ఫైళ్లు కలవలేదు. ల్యాప్‌టాప్‌లోని మూలాలు సరిగ్గానే ఉన్నాయి. సర్వరులోని ప్రతుల్లో ఒక్కోదానికి ఒక్కో బిట్ మారింది. అయినా సర్వరులో ఫైళ్లను భద్రపరిచే జెడ్‌ఎఫ్‌ఎస్ వ్యవస్థ చేసే స్క్రబ్ (డిస్కులోని డేటాను దాని చెక్‌సమ్‌లతో పోల్చే తనిఖీ) ఏ లోపమూ లేదనే చెప్పింది. దాని తప్పేమీ లేదు: బిట్ మెమరీలో ఉండగానే తారుమారైతే, ఆ చెడిన డేటాకే చెక్‌సమ్ కట్టి డిస్కుపై రాస్తుంది కనుక, ఆపైన ఎన్నిసార్లు తనిఖీ చేసినా అది సరైనదిగానే కనబడుతుంది. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామును రాత్రంతా నడిపితే మెమరీ మాడ్యూలులో లోపాలు బయటపడ్డాయి.

డీడీఆర్5 తరం మెమరీ అన్నింటిలోనూ ఈసీసీ ఉంటుందని మీ ప్రతినిధి జవాబిచ్చారు. ఆ ఏర్పాటు చిప్పు లోపలి పొరపాట్లను సరిదిద్దడానికే పరిమితం. చిప్పుకూ ప్రాసెసరుకూ మధ్య దారిలో జరిగే తప్పును అది పట్టుకోలేదు, తాను సరిదిద్దిన సంగతిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పదు. అసలైన ఈసీసీ మాడ్యూలులో 64 డేటా బిట్లకు తోడు తనిఖీ బిట్లు ఉండి, మొత్తం వెడల్పు 72 గానీ 80 గానీ అవుతుంది. మీరు పంపినదాన్ని హార్డ్‌వేర్ వివరాలు చూపే డీఎంఐడీకోడ్‌తో చూస్తే డేటా వెడల్పు, మొత్తం వెడల్పు రెండూ 64గానే ఉన్నాయి.

ఇంటి సర్వరుకు ఇంత పట్టింపు ఎందుకని కూడా ఆయన అడిగారు. గూగుల్ సర్వర్ల మెమరీపై 2009లో వెలువడిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా మాడ్యూళ్లలో లోపాలు కనిపించాయి. అక్కడ వాటిని కనిపెట్టినది ఈసీసీయే. నేను చెక్‌సమ్‌లు రాసిపెట్టుకోకపోయి ఉంటే, ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లను నమ్మకంగా తుడిచేసి ఉండేవాణ్ణి.

అదే రకం కొత్త మాడ్యూలు పంపుతామన్న మీ ప్రతిపాదన నాకు సమ్మతం కాదు. మాడ్యూలు చెడిపోవడం సహజమే. చెడినట్టు తెలిపే ఏర్పాటుకు డబ్బు తీసుకొని, దాన్ని ఇవ్వకపోవడమే నా ఫిర్యాదు. ఈ మదర్‌బోర్డూ ప్రాసెసరూ ఈసీసీని సమర్థించేవైతే ఆ మాడ్యూళ్లను పంపండి. లేదంటే సర్వరును వెనక్కి తీసుకొని పూర్తి సొమ్ము చెల్లించండి. ప్రకటనలోని మాటను కూడా సరిచేయండి. 15 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

రసీదు, ప్రకటన, పరీక్ష ఫలితాల ప్రతులను జతపరిచాను.

భవదీయుడు,
సర్వరు కొనుగోలుదారు,
గుంటూరు